ఆ చేదు చెంచా నాకివ్వు

"అత్తయ్యా! ఈ పూలకుండీలో తెల్లగా ఇదేమిటి?"

బాల్కనీలోంచి కోడలి గొంతు వినగానే వంటింట్లో అత్తగారి చేతిలోని గిన్నె ఠప్పున కింద పడింది!

నిన్ననే పాపను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నారు. ఇన్ని నెలలుగా రాని ఫిట్స్ ఒక్కసారిగా ఎందుకొచ్చాయో డాక్టరమ్మకి అంతుపట్టలేదు. "మందు సరిగ్గా వేస్తున్నారు కదా?" అని ఆవిడ అడిగితే కోడలు ఒట్టేసి మరీ చెప్పింది. తీరా ఇప్పుడు చూస్తే కుండీలో మట్టి మీద గట్టిపడిన తెల్లటి పొర! వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. చేదు... ఆ చేదుని ఆమె నిద్రలో లేపి పెట్టినా పోల్చుకోగలదు.

ఎందుకు పోల్చుకోదూ! అది పాప ఫిట్స్ మందు, పెద్దవాళ్లకని చేసిన మాత్ర. పాపకి డాక్టరమ్మ రాసింది అందులో చిన్న ముక్క. ఆ ముక్కని నూరి, పంచదార నీళ్లలో కలిపి, ముందు తానొక చుక్క చప్పరించి, "చూడమ్మా, ఎంత తియ్యగా ఉందో!" అని పచ్చి అబద్ధమాడి తాగించేది ఆ తల్లి. ఒకరోజు మహా తెలివిగా పాలల్లో కలిపింది. ఇంకేముంది, పాప పాలు మానేసింది, అమ్మ పక్కన పడుకోవడమూ మానేసింది! గిన్నెలో చెంచా చప్పుడైతే చాలు, పరుగెత్తుకెళ్లి నానమ్మ కొంగులో దూరేది. కన్నకూతురు తనని చూసి పారిపోతుంటే ఏ తల్లి గుండె తట్టుకుంటుంది చెప్పండి?

కోడలు టైలరింగ్ షాపు నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుందని సాయంత్రం మందు అత్తగారికి అప్పజెప్పింది. అదీ జరిగిన సంగతి!

"దాని ఏడుపు చూడలేకపోయానే తల్లీ..." అత్తగారు గుమ్మంలోనే కూలబడిపోయింది. "రెండు చేతులూ పట్టుకుని వద్దు నానమ్మా, వద్దు నానమ్మా అంటుంటే నా చేతులాడలేదు. ఒక్క పూటే కదా అని పారబోశాను. తర్వాత అదే అలవాటైపోయింది. దాన్ని నా చేతులారా నేనే చంపుకునేదాన్ని!"

"మీరు ముద్దుల నానమ్మ, నేను రాక్షసిని! అంతేగా అత్తయ్యా?" అని కోడలు బావురుమంది.

సరిగ్గా అప్పుడే మేనకోడల్ని చూడ్డానికి ఆడపడుచు వచ్చింది. ఆవిడ మందుల కంపెనీలో మాత్రలు తయారుచేసే విభాగంలో పనిచేస్తుంది. ఇంట్లో అందరికీ ఆవిడ 'మాత్రలత్త'. కూతుర్ని చూడగానే అత్తగారి కోపం అటు తిరిగింది.

"ఊరందరికీ మందులు చేస్తావు! నీ మేనకోడలు నోట్లో పెట్టుకునేలా ఒక్కటి చేయలేవుటే?"

మాత్రలత్త బల్ల దగ్గరికెళ్లింది. పాపకని అక్కడ చిన్న గిన్నెలో కలిపి ఉంచిన మందులో వేలు ముంచి నాలుకకి రాసుకుని, మొహం వికారంగా పెట్టింది.

"దీన్ని రోజూ నువ్వు రుచి చూస్తున్నావా?"

"పిల్లకిచ్చేది నేను చూడొద్దా వదినా?"

"ఇది మా కంపెనీ మాత్రే. పెద్దవాళ్లు మింగడానికని చేశామే... చప్పరించేవాళ్లని తలుచుకోనేలేదు," అంది ఆవిడ నెమ్మదిగా. "ఇలాంటి తల్లులు ఎంతమందో! రేపే మా వాళ్లతో మాట్లాడతాను."

అత్తగారు కళ్లు తుడుచుకుని లేచింది. కోడలి ముందుకొచ్చి చేయి చాపింది.

"ఆ చేదు చెంచా నాకివ్వు. ఇకనుంచి రెండు పూటలా నేనే పోస్తాను, నీ కళ్లముందే పోస్తాను. బిడ్డ నన్ను అసహ్యించుకుంటే అసహ్యించుకోనీ. దానికి కావాల్సింది తల్లి!"

అన్నట్టే చేసింది మహాతల్లి! వారం తిరక్కుండా పాప నానమ్మని చూస్తే పారిపోయి అమ్మ ఒళ్లో దాక్కోవడం మొదలెట్టింది. ఫిట్స్ మళ్లీ రాలేదు. కోడలికి కూతురు దక్కింది. కానీ ఖాళీ ఒడితో కూర్చున్న అత్తగారిని చూస్తే ఆ ఆనందం సగమైపోయేది.

మాత్రలత్త వచ్చినప్పుడల్లా ఒకటే గోల! "చేదు తెలియకుండా మందు పొడిలో రేణువు రేణువుకీ పూత వేస్తున్నామమ్మా. మందంగా వేస్తే చేదు తెలియదు గానీ కడుపులోనూ కరగడంలేదు! పల్చగా వేస్తే నోరంతా చేదు!" పూత కుదిరాక పరీక్షలు, వాటి తర్వాత అనుమతులు... పాపకి పాలపళ్లు ఊడటం మొదలయ్యాక గానీ ఆ మందు బయటికి రాలేదు. వచ్చాక మాత్రం వీధి చివర మందుల షాపులోనూ, సర్కారు ఆసుపత్రిలోనూ దొరికింది. కోడలు కొనడానికి వెళ్తే, ముందు నిలబడ్డ ఎవరో తల్లి అదే పెట్టె గుండెకి హత్తుకుని వెళ్తోంది. ముక్కూమొహం తెలియని ఆ మనిషిని చూసి కోడలికి కళ్లు చెమర్చాయి.

ఇంటికొచ్చి చిన్న మాత్రని నీళ్లలో వేసింది. చూస్తుండగానే కరిగిపోయింది. అలవాటు కొద్దీ ఒక చుక్క చప్పరించింది. ఈసారి అబద్ధం ఆడక్కర్లేదు! గ్లాసు తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టింది.

"నువ్వే ఇవ్వమ్మా... దానికి నన్ను చూస్తేనే భయం."

"అందుకేగా అత్తయ్యా, మీరే ఇవ్వాలి!"

పాప కళ్లు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగింది. ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోదీ తెరిచింది. గ్లాసు అడుగు దాకా తాగి, మూతి నాక్కుని అడిగింది.

"ఇంకా ఉందా నానమ్మా?"

"మళ్లీ సాయంత్రం తల్లీ..." ఆవిడ ఖాళీ గ్లాసు పక్కన పెట్టింది.

"అయితే సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటా," అంటూ పాప నానమ్మ ఒళ్లోకి ఎక్కి కూర్చుంది.