ఊపిరి విడువు, ఎస్తేరూ

నాచారం ఫ్యాక్టరీల తొలి సైరన్ మోగకముందే ఆ ఇంట్లో కేకలు మొదలయ్యాయి.

"మళ్ళ గదే పని! పండుకున్నదాని ముక్కు కింద చెయ్యి పెట్టొద్దని ఎన్నిమాట్ల చెప్పాలె నీకు?" అంటూ తారామణి చాప మీద నుంచి విసురుగా లేచింది.

ఎనిమిదేళ్ళ ఎస్తేరు చెయ్యి వెనక్కు తీసుకుని గోడకు ఒదిగిపోయింది. తండ్రి కృపానందం కామెర్లతో దవాఖానాలో కన్నుమూసిన నాటి నుంచి ఆ పిల్లకు మాట తగ్గి కోపం పెరిగింది. ముందురోజు బడిలో పక్కనున్న పిల్లను పలకతో కొట్టింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే టీసీ ఇచ్చి పంపిస్తామని ఉప్పల్ బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ కబురు చేసింది.

స్టవ్ దగ్గర చాయ్ కాస్తున్న సువార్తమ్మకు కోడలి కేకలు కొత్త కాదు. ఆమెను భయపెడుతున్నది మనవరాలి మౌనం. మిషన్ బడిలో పంతులమ్మగా పనిచేసి ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్న ఆమె, తాను చిన్ననాడు కాన్వెంటులో సిస్టర్ల వద్ద నేర్చుకున్న ఉపాయాన్నే ఎందరో అల్లరి పిల్లలకు నేర్పింది. కోపం వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి తీసుకుని, దాని మీదనే మనసు నిలిపి, నెమ్మదిగా విడవాలి. ఎవరికీ వికటించని ఆ ఉపాయం సొంత మనవరాలి దగ్గరే వికటించింది. ఎస్తేరు ఊపిరి తీసుకునేది, విడిచేది కాదు. పెదవులు నల్లబడేదాకా బిగబట్టి, చివరకు చేతికందినదాన్ని విసిరికొట్టేది. అది మొండితనమని సువార్తమ్మ తీర్మానించింది. మొండితనానికి లొంగడం ఆమె ఎరుగదు.

"ఇటు రా బిడ్డా. కూసో. ఊపిరి తీస్కో."

పిల్ల వచ్చి కూర్చుంది. ఊపిరి తీసుకుంది.

"ఇగ విడువు."

ఎస్తేరు తల అడ్డంగా ఊపింది.

"చాలు ఆపుండ్రి అత్తమ్మా!" తారామణి జడ అల్లుకుంటూనే మీదికి వచ్చింది. "మీ కాన్వెంటు చదువు నా బిడ్డ మీద రుద్దకుండ్రి. ఊపిరి, ఊపిరి అని దాని పానం తీస్తున్నరు. ఏమన్న బాగుపడ్డదా?"

"మొండితనం పోతే బాగుపడుతది. నువ్వు గారాబం చేసి చెడగొట్టినవు."

"గారాబమా? పొద్దుగూకులు మందుగోలీల ఫ్యాక్టరీల నిలబడి నా కాళ్ళు ఉబ్బుతున్నయి. గారాబం చేసే తీరిక నాకేడుంది? మా పీటరన్న హాస్టల్ల మాట్లాడిండు. ఆదివారం అచ్చి దీన్ని తోల్కపోతడు."

సువార్తమ్మ చేతిలోని గరిటె కింద పడింది. "తండ్రి లేని పిల్లను తల్లి గూడ లేనిదాన్ని చేస్తవా? ఏం నేరం చేసిందని దానికీ శిక్ష?"

"నేరం గాదు అత్తమ్మా. నాతోని అయితలేదు! రేపు ఎవలి కన్నో పొడుస్తె ఎవరు జవాబుదారు? మీరా?"

"నేనే! దీన్ని ఇప్పుడే దారికి తెస్తా, చూడు." ముసలామె పిల్ల భుజాలు పట్టుకుని కుదిపింది. "ఎస్తేరూ! విడువు! ఊపిరి విడువు!"

పిల్ల రెండు చేతులతో నోరూ ముక్కూ అదిమిపట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం కమిలింది. మరుక్షణం ఒరిగిపోయి చాయ్ గ్లాసుల మీద పడింది.

"నా బిడ్డ! సంపిన్రు నా బిడ్డను!" తారామణి పిల్లను ఒడిలోకి లాక్కుంది. సువార్తమ్మ చన్నీళ్ళు తెచ్చి మొహాన చల్లింది. అంతటి మనిషికి ప్రార్థన కూడా నోట రాలేదు.

ఎస్తేరు కళ్ళు తెరిచింది. భయంగా తన ముక్కు కింద వేలు పెట్టుకుంది.

"నానమ్మా... నేను ఊపిరి ఇడిసిన్నా? సచ్చిపోయిన్నా?"

సువార్తమ్మ నీళ్ళ చెంబు కింద పెట్టి దగ్గరికి జరిగింది.

"గదేం మాట బిడ్డా?"

"దవాఖానల నాయిన ఊపిరి ఇడిసిండని పీటర్ మామ అందరికి చెప్పిండు గద. ఇడువకుంటె ఉండెటోడు. బడిల సరోజ గూడ, 'మీ నాయిన ఊపిరి ఇడిసిండంట' అని నవ్వింది. గందుకే కొట్టిన. నువ్వేమొ రోజు నన్ను గూడ ఇడువుమంటవు." పిల్ల తల్లి వైపు చూసింది. "అమ్మ నిద్రల ఇడిస్తదేమొనని సూస్త. నాకు నిద్ర రాదు."

తారామణి కొంగు నోట కుక్కుకుంది.

కృపానందాన్ని సమాధుల తోటకు తీసుకువెళ్ళిన రోజున పిల్ల బెదురుతుందని పక్కింటి దుర్గమ్మ వద్ద కూర్చోబెట్టారు. నాయిన ఏడని అడిగితే దేవుని దగ్గరికి పోయిండన్నారు. అంతకుమించి ఒక్కరూ ఒక్క మాటా చెప్పలేదు. పెద్దలు మర్యాదకు వాడుకున్న ఒక మాట ఆ పసిదాని మెడకు ఉరిలా బిగిసింది. జీవితమంతా తప్పెవరిదో తేల్చి చెప్పిన సువార్తమ్మ ఈసారి తనకు తానే నేరస్థురాలిగా కనిపించింది.

"ఎస్తేరూ, నా మొకం చూడు," అన్నది, పిల్ల ముందు నేల మీద కూర్చుని. "నాయిన ఊపిరి విడిచినందుకు సావలేదు. కామెర్లు ముదిరి ఒళ్ళు పాడయ్యి సచ్చిపోయిండు. సచ్చిపోయినంక ఊపిరి ఆగింది. చనిపోయిండనలేక మంది అట్ల అంటరు. తప్పు నీది గాదు బిడ్డా. నీకు చెప్పకపోయిన తప్పు మాది."

పిల్ల నమ్మీ నమ్మనట్టు చూసింది. సువార్తమ్మ గిన్నెలో మిగిలిన చాయ్ సాసర్‌లో పోసింది.

"నాయిన నీకు చాయ్ ఎట్ల సల్లార్చి ఇస్తుండె?"

"ఊది."

"మరి ఊదినప్పుడు లోపలి ఊపిరి బయటికి రాలేదా? నాయినకేమన్న అయిందా?"

ఎస్తేరు ఆలోచించింది. సాసర్ అందుకుని, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఊదింది. చాయ్ మీద సన్నని అలలు లేచి అంచులు తాకాయి. ఆ వెంటే, తండ్రి పోయిన నాటి నుంచి రాని ఏడుపు వెక్కివెక్కి వచ్చింది.

సైరన్ మోగింది. తారామణి లేవలేదు.

"అత్తమ్మా," అన్నది, పిల్ల తల నిమురుతూ. "పీటరన్నకు రావొద్దని చెప్త. ఆదివారం ముగ్గురం ఆయన సమాధి కాడికి పోదాం."

"పోదాం. అంతకంటె ముందు ఇయ్యాల బడికి పోయి మాట్లాడాలె. నా పిల్లకు జరిగింది వాళ్ళు కూడా వినాలె." అంటూనే సువార్తమ్మ కోడలి కొంగుతో తన కళ్ళు తుడుచుకుంది.

ఏడుపు నెమ్మదించాక ఎస్తేరు మరోసారి ఊదింది. వేలు ముక్కు కింద పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత తలెత్తి, ఆశ్చర్యంగా అన్నది:

"మళ్ళ అచ్చింది నానమ్మా."