ఆర్గన్ ఆగిన చోట

మెంఫిస్‌లో పొద్దుటే వాన పట్టుకుంది. థాడియస్ స్టూడియో తలుపు తొయ్యబోయాడు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఎవరో దాన్ని లాగారు. మనిషి తూలి లోపలికొచ్చి పడ్డాడు. టోపీ అంచున నిలిచిన నీళ్ళన్నీ ఎదుటి మనిషి పట్టు గౌను మీదికి దూకాయి.

"వచ్చీ రాగానే స్నానం చేయిస్తున్నావా?"

ఎవరో తెలియడానికి తల ఎత్తక్కర్లేకపోయింది. డెల్ఫీన్ గొంతు అది.

"తలుపు లాగేముందు అవతల మనిషున్నాడేమో చూసుకోవద్దూ?"

"ఇన్నేళ్ళకి కనబడితే అనే మాట ఇదా? పోనీ, ఆ టోపీ అయినా మార్చకపోయావా!"

"టోపీకేం, బాగానే ఉంది. మారింది మనుషులే."

"మొదలెట్టాడమ్మా!" అని డెల్ఫీన్ వెనక్కి తిరిగి నవ్వింది.

మూల కుర్చీలో ఊదారంగు టోపీ పెట్టుకుని, చర్చిలో పంచిన అట్ట విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది ఒజెల్లా అమ్మ. ఒకప్పుడు ఆవిడ పాడితే వీధులు ఆగిపోయేవి. డెల్ఫీన్ ఆవిడ వెనక కోరస్ పాడేది. థాడియస్ ఆర్గన్ వాయించేవాడు. తరవాత డెల్ఫీన్‌కి షికాగో నుంచి పిలుపొచ్చింది. బస్టాండులో ఆగమంటాడేమోనని ఆమె ఎంతసేపు ఎదురుచూసినా ఈ మహానుభావుడు బస్సు చక్రాల వంక చూస్తూ "వెళ్తే వెళ్ళు" అన్నాడు. ఆమె వెళ్ళింది, పెద్ద గాయని అయింది. ఇతను ఆదివారాలు చర్చిలో, శనివారాలు ఎవరెవరి పెళ్ళిళ్ళలోనో వాయిస్తూ ఉండిపోయాడు.

ఇప్పుడు డెల్ఫీన్ ఒజెల్లా అమ్మ పాటలతో ఒక ఆల్బమ్ చేస్తోంది. ఆవిడ బతికుండగా, చెవులారా వినేటట్టు. మిగతావన్నీ షికాగోలో పాడేసింది. 'పీచ్ పళ్ళ కాలం' ఒక్కటే మిగిలింది. అది ఇక్కడే, ఈ ఆర్గన్ మీదే, ఇతనే వాయించాలని పట్టుబట్టి వచ్చింది. సాయంత్రం రైలుకి తిరుగు ప్రయాణం.

ఆ పాట లేకుండా ఆ ఊళ్ళో పెళ్ళి జరగదు. ఆఖరి చరణం ముందు ఆర్గన్ ఠక్కున ఆగిపోతుంది. అంతా నిశ్శబ్దం. అందులోంచి ఒజెల్లా అమ్మ సన్నగా కూనిరాగం తీస్తుంది. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని ముద్దు పెట్టుకోవాల్సింది ఆ నిశ్శబ్దంలోనే. ఆ అదను తప్పిన వాణ్ణి మరదళ్ళు ముసలాడయ్యేదాకా ఏడిపిస్తారు. అక్కడ మౌనం పెట్టాలని తోచిందంటే ఆవిడది ఎంత బుర్రో అని అందరూ చెప్పుకుంటారు. ఆవిడ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఎన్ని పెళ్ళిళ్ళలోనో థాడియస్ అక్కడ చేతులు ఆపి, ఎవరి ముద్దూ కంటపడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

పాట మొదలైంది. డెల్ఫీన్ గొంతు ముదిరి, పాకంలా చిక్కబడింది. ఆఖరి చరణం దగ్గరికొచ్చింది. అతను ఆగలేదు. ఆర్గన్ చక్కగా, లెక్క తప్పకుండా సాగిపోయింది.

డెల్ఫీన్ పాట ఆపేసింది.

"ఆ ఆగే చోటేదీ?"

"తీసేశాను."

"తీసెయ్యడానికి అది నీ సొమ్మా? అమ్మది!"

"అమ్మది కాదు. నాది. అది నా తప్పు. ఈ పాట మొదట రికార్డు చేసిన రోజు చెయ్యి ఆగిపోయింది, అంతే. ఊరంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. నాకు విసుగొచ్చింది."

"ఆ తప్పు కోసమేగా నిన్ను పిలిచింది! సరిగ్గా వాయించేవాళ్ళు షికాగోలో కుప్పలున్నారు."

"అయితే వాళ్ళ దగ్గరికే వెళ్ళు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. బస్టాండులో అన్నదీ ఇంచుమించు ఈ మాటే. డెల్ఫీన్ ముఖం నల్లబడింది. సంచీ అందుకుంది.

"పిల్లా," అంది ఒజెల్లా అమ్మ, విసనకర్ర ఆపి. "వెళ్దువుగాని. ఒక్కసారి పాడి వెళ్ళు. ఆ జోళ్ళు విప్పేసి పాడు."

"జోళ్ళెందుకమ్మా?"

"ముసలిదాన్ని, అడుగుతున్నాను. విప్పవే!"

థాడియస్ గతుక్కుమన్నాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతా..."

"నువ్వు నోర్మూసుకుని వాయించరా."

డెల్ఫీన్ ఎత్తుమడమల జోళ్ళు విప్పి పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుని పాడటం మొదలెట్టింది. ఈసారి గొంతులో కోపం, దాని కింద ఏడుపు. థాడియస్ పట్టుదలగా ఆర్గన్ మెట్ల మీదే చూపు నిలిపాడు. ఆఖరి చరణం వస్తోంది. అంతదాకా వచ్చాక కళ్ళు మాట వినలేదు. చల్లటి నేల మీద ఆ పాదాలు. ఒకదాని మీద ఒకటి ఎక్కించి, చిన్నపిల్లలా వేళ్ళు ముడుచుకుని నిలబడే ఆ పాత అలవాటు. చిటికెన వేలు మీద ఆ పుట్టుమచ్చ.

చేతులు ఆగిపోయాయి.

బయట వాన చప్పుడొక్కటే వినిపించింది. అప్పుడు మూలనుంచి, వణుకుతూ, కూనిరాగం లేచింది. ఒజెల్లా అమ్మది. డెల్ఫీన్ కళ్ళు తెరిచింది. అతని చూపు ఎక్కడుందో చూసింది. కిందికి, తన పాదాల వైపు, తనూ చూసుకుంది.

పాట ఎలా ముగించారో ఇద్దరికీ తెలీదు.

"ఆ రోజు కూడానా?" అంది డెల్ఫీన్ మెల్లిగా.

"ఆ రోజు నీ జోళ్ళు బిగుతుగా ఉన్నాయని విప్పేశావు."

"ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నా కాళ్ళ మీద నడుస్తున్నాయా!" నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ ముక్క బస్టాండులో చెప్పడానికేం?"

"చెబితే ఆగిపోయేదానివి. అప్పుడీ గొంతు ఈ ఊళ్ళోనే ఉండిపోయేది."

"అది నేను కదా తేల్చుకోవాల్సింది?"

"అవును," అన్నాడు థాడియస్. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇప్పుడు తేల్చుకో. వెళ్ళకు, డెల్ఫీ."

ఆమె జోళ్ళ వైపు చూసింది. వాటిని కాలితో ఆర్గన్ కిందికి తోసేసింది.

"రైలు సంగతి రేపు చూద్దాం. ముందు నాకు వేయించిన చేప పెట్టించు."

"నాక్కూడా," అంది ఒజెల్లా అమ్మ, మళ్ళీ విసురుకుంటూ. "ఒరేయ్ థాడ్, పాటలో ఆగావు, బాగానే ఉంది. ఆగిన చోట చెయ్యాల్సింది ఇంకోటుందని ఊరందరికీ తెలుసు. నీకొక్కడికే చెప్పాలా?"

విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకుంది. అట్టకి పడ్డ చిల్లులోంచి మాత్రం చూస్తూనే ఉంది.