మామ్మ చేతి సొంతకంకణం

పైడి గడప తొక్కగానే మామ్మ చేతికున్న సొంతకంకణం పచ్చగా వెలిగింది. మనవరాలు హైమ పొద్దుటి నుంచీ మామ్మ పక్కనే కూర్చుని జంతికల పిండి కలుపుతోంది. ఆమె కోసం అది ఒక్కసారీ వెలగలేదు.

అరవై దాటిన వారందరికీ ఛాతీలో కొత్త ‘చిగురు’ పెడుతున్న రోజులవి. చిగురంటే థైమస్ గ్రంథి. ఏది తనదో, ఏది పరాయిదో ఒంట్లోని రక్షక కణాలకు నేర్పే బడి అది. వయసుతోపాటు ఎండిపోతుంది. అందుకని పిల్లల కణాలతో కొత్తది పెంచి పెడతారు. కణాలిచ్చిన బిడ్డ దగ్గరికొస్తే కంకణం వెలుగుతుంది.

మామ్మ కోసం కణాలు తీసిన రోజు హైమ సూదికి భయపడి మంచం కింద దూరింది. పక్కింటి పైడి చెయ్యి చాపింది.

“ఆ కంకణం గుడ్డిదిలేవే. నువ్వు పిండి కలుపు,” అంది మామ్మ.

“గుడ్డిదైతే నాకెలా వెలుగుతాదేటి?” పైడి నవ్వింది.

హైమ విసురుగా లేచింది. మోచెయ్యి పొయ్యి మీది మూకుడుకు తగిలి, కాగే నూనె మామ్మ కుడిచేతి మీద ఒలికింది.

“ఆవిడ చర్మం మళ్లీ పెరగాలంటే నెలలు పడుతుంది. పిల్లల చర్మం కావాలి,” అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ.

ఈసారి హైమే ముందు చెయ్యి చాపింది.

“నీది అంటుకోదమ్మా. ఆవిడ ఒంటికి నువ్వు పరాయిదానివి. చిగురిచ్చిన పైడిదైతే అంటుకుంటుంది.”

“నేను మనవరాల్నండీ.”

డాక్టరమ్మ హైమ చాపిన చేతిని మెల్లగా దించింది. “థైమస్ అన్న పేరు గ్రీకులు పెట్టింది. వాము వాసనొచ్చే ఒక ఆకులా ఉంటుందని పెట్టారంటారు కొందరు. వాళ్ల భాషలో మనసుకున్న మాటే అదంటారు ఇంకొందరు. నేను మాత్రం ఆకనే అంటాను. మనసైతే నిన్ను గుర్తుపట్టేది.”

కట్టు విప్పాక మామ్మ మళ్లీ మూకుడు పెట్టింది. మొదటి జంతిక ఎప్పుడూ హైమదే. పైడి చర్మం పరుచుకున్న ఆ చెయ్యి, పచ్చగా వెలుగుతూనే, పైడి ముందు నుంచి దాటి హైమ దగ్గర ఆగింది.

“చిగురు నాది, తోలు నాది. జంతిక మాత్రం దానికి,” గొణిగింది పైడి. పైడికి సొంత మామ్మ లేదు.

“ఒలే, రెండోది నీకేలే,” అంది మామ్మ.

పైడి తల ఎత్తలేదు. ఇన్నాళ్లూ తన ఒక్కదాని గుండెల్లోనే ఉందనుకున్న మంటను హైమ ఆ ముఖంలో చూసింది. జంతికలో సగం విరిచి ఇవ్వాలనిపించింది.

ఇవ్వలేదు. పైడి చూస్తుండగానే మొత్తం తినేసింది.