టోపీ తగిలించే మేకు

"విమానం ఇంజన్లోంచి స్పార్క్ ప్లగ్గులన్నీ పోయాయండీ," అంటూ డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది ఆవిడ. యుద్ధకాలంలో సైనిక పైలట్లను తయారుచేసిన పాత ఎయిర్‌ఫీల్డ్‌లో ఇప్పుడు మ్యూజియం నడుపుతోంది.

"రేపు పాత శిష్యులంతా వస్తున్నారు. మా మావయ్యగారు వాళ్ళ గురువు. నాకూ విమానం నడపడం ఆయనే నేర్పారు. రేపు ఆయనే ఆ శిక్షణ విమానం నడపాలి. ఆ ప్లగ్గులు ఇంకెక్కడా దొరకవు. షెడ్డు తాళంచెవులు ఒకటి మా ఇంట్లో, ఒకటి మెకానిక్ దగ్గర ఉంటాయి. వాణ్ణి పోలీసులకు అప్పగించమంటోంది కమిటీ."

డిటెక్టివ్ వెంటనే బయల్దేరాడు. వెంట ఆయన అన్న కూతురు; ఆయనకు అసిస్టెంటూ ఆమే. బాబాయి బుర్ర మీద ఆ పిల్లకు ఎంత గురో, నోరు అంత చురుకు.

షెడ్డు తాళం చెక్కుచెదరలేదు. ప్లగ్గులు ఊడదీసిన రంధ్రాల్లో దుమ్ము పడకుండా, ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు ముక్కలు కుక్కి ఉన్నాయి.

"దొంగగారికి శుభ్రం ఎక్కువే బాబాయ్," అంది అసిస్టెంటు.

నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నేను తియ్యలేదండీ," అన్నాడు మెకానిక్.

"వాడి జోలికెళ్ళకండి. వాడు కాదు," అన్నాడు గుమ్మంలోంచి ముసలి గురువు.

గోడకున్న మేకు చూసి అదెందుకని గురువును అడిగాడు డిటెక్టివ్.

"యుద్ధానికి మీసాలు రాని పిల్లల్ని పంపేవారు. ఒకడు భయంగా ఉందన్నాడు. పైవాళ్ళు వినకుండా ఎక్కించారు. తిరిగి రాలేదు. ఆ రోజే ఈ మేకు కొట్టాను. ఎగరలేననుకున్నవాడు దీనికి టోపీ తగిలిస్తే చాలు. ఎందుకని ఎవరూ అడగకూడదు. చాలామంది బతికిపోయారు."

అసిస్టెంటుకు ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

బయటికి రాగానే, "గాలి ఎటు నుంచండీ?" అన్నాడు డిటెక్టివ్. ఎదురుగా స్తంభం మీద గాలివాటం చూపే గుడ్డసంచి ఎగురుతోంది. గురువు గాలికి చెంప తిప్పి, కాసేపాగి, "పడమటి నుంచి," అన్నాడు. అక్షరాలా నిజం.

"ఏం మనిషి బాబాయ్," అంది అసిస్టెంటు.

సాయంత్రం అందర్నీ షెడ్డులోనే కూర్చోబెట్టాడు డిటెక్టివ్.

"తీసినవాడికి ఇంజనంటే ప్రాణం. మెకానిక్ అయితే చేతిలో గుడ్డే వాడేవాడు, ఇస్త్రీ రుమాలు చింపడు. తాళం పగల్లేదు, అంటే ఇంట్లో ఉన్న తాళంచెవితో తీశారు. మెకానిక్ కాదని అంత గట్టిగా చెప్పగలిగేది తీసినవారే. ఇక ఎందుకంటారా? గుడ్డసంచి ఎదురుగా కనిపిస్తుంటే ఏ పైలట్టూ చెంపతో గాలి చూడడు."

కోడలు దిగ్గున లేచింది. గురువు తల వంచుకున్నాడు.

"చూపు మసకబారింది. అంతమంది ముందు ఆ మాట నోరు విప్పి ఎలా చెప్పను? విమానం మొరాయించిందంటే పరువు దక్కుతుందనుకున్నాను. నింద వీడి మీద పడుతుందనుకోలేదు."

"మేకు కొట్టింది మీరే కదండీ," అన్నాడు డిటెక్టివ్ మెల్లిగా.

ముసలాయన జేబులోంచి ప్లగ్గులు తీసి మెకానిక్ చేతిలో పెట్టాడు. "తప్పయిపోయిందిరా," అన్నాడు. తర్వాత గోడ తడుముకుంటూ వెళ్ళి, టోపీ తీసి మేకుకు తగిలించాడు.

మర్నాడు విమానం లేచింది. నడిపే సీట్లో కోడలు, శిష్యుడి సీట్లో ఆయన. కింద, తల నెరిసిన శిష్యులు ఒక్కొక్కరే షెడ్డులోకి వచ్చి గోడ మీది టోపీని చూశారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.