సీలావతికి వేసిన ఆకు

శ్రీలంకలో, గాల్ కోటలో ఎక్కడ తినాలి అని అడగడం దండగ. కాళ్ళు నొప్పెట్టి ఎక్కడ ఆగితే అక్కడే బల్ల ఉంటుంది. ఒకప్పటి వడ్రంగి కొట్టు, బడిపంతులు ఇల్లు, గుర్రాల చావడి... ఇప్పుడన్నీ భోజనశాలలే. నాలుగడుగుల అరుగు దొరికితే చాలు, ముక్కాలి పీట వేసి, దాని మీద ఓ దీపం పెట్టి ‘ఇంటి భోజనం’ అని బోర్డు తగిలించేస్తారు. లైట్‌హౌస్ దగ్గర ఆటోవాళ్ళని అడిగితే, ఎవడికి వాడు తన బావమరిది హోటలే స్వర్గమంటాడు.

అరియపాలకి ఆ చిక్కు లేదు. అతని ఆటో ఎక్కినవాళ్ళు నేరుగా అతని పెళ్ళాం సోమలత చేతివంటకే వచ్చిపడతారు. ముందు గదిలో ఐదు బల్లలు, వెనక వంటిల్లు, దాని పక్కన అత్తగారి గది. ఆ గదిలో అత్తగారు సీలావతి పదకొండేళ్ళు మంచాన పడి ఉండి, పోయిన వారమే కన్నుమూసింది.

ఆ పదకొండేళ్ళలో సోమలత తెల్లారేదాకా నిద్రపోయిన రాత్రి ఒక్కటి లేదు. ముసలావిడకి వేళాపాళా లేకుండా ఆకలేసేది. లేపి వండించుకుని, తిని, "ఏమ్మా మహారాణీ, సముద్రం పక్కనే కాపురం, ఉప్పుకి కరువొచ్చిందా?" అనేది. మొదట్లో సోమలతకి ఒళ్ళు మండేది. తర్వాత అదీ పోయింది. కోపానికైనా ఓపికుండాలి కదా. ఇప్పుడామెకి కావలసింది ఒక్కటే. ఒక్క రాత్రి, ఎవరూ లేపని నిద్ర.

అందుకు ఇంకొక్క పని మిగిలింది. ఏడో రోజు దానం అయిపోయింది. భిక్షువులు మధ్యాహ్నం భోంచేసి వెళ్ళారు. ఇక పొద్దు వాలాక పోయినావిడకి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి పెరటి గుమ్మం బయట పెట్టాలి. వండేవాళ్ళు రుచి చూడకూడదు. ఎంగిలి పడితే ఆ ఆకు ఎంగిలి చేసినవాళ్ళకే చెందుతుంది. పెట్టాక వెనక్కి చూడకూడదు. కాకో కుక్కో ముట్టుకుంటే ముసలావిడ తృప్తిగా వెళ్ళిపోయినట్టు. ముట్టకపోతే... ఆ మాట కోటలో ఎవరూ పూర్తి చెయ్యరు.

"ఇవాళైనా కొట్టు మూసేద్దామయ్యా, నడుం పడిపోతోంది," అంది సోమలత.

"మంచి సీజన్లో మూస్తే ఎట్లాగే? అమ్మకి ఆకు పెట్టెయ్. నేను ఇద్దరు ముగ్గుర్ని పట్టుకొస్తా," అని అరియపాల ఆటో తీశాడు.

సోమలత ఆకులో ఎర్రబియ్యం అన్నం పెట్టింది. కొబ్బరికారం, వేయించిన ఎండుచేప, పులుపు చేపకూర పెట్టింది. పెరట్లో చీమలు. అందుకని ఆకుని ముక్కాలి పీట మీద పెట్టి, పక్కన దీపం, గ్లాసుడు మంచినీళ్ళు ఉంచింది. "తిని వెళ్ళు అత్తమ్మా," అని లోపలికొచ్చేసింది.

చీకటి పడుతోంది. మసీదులో పిలుపు ఆగింది. కోటగోడకి అలలు తగిలి వెనక్కి పోతున్నాయి. వంటింట్లో సాంబ్రాణి వాసన, కొబ్బరినూనె వాసన, ఎండుచేప వాసన కలగలిసిపోయాయి. సోమలత గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది.

బయట ఆకు కదిలింది.

కుక్కే. వీధిలో తిరిగే నల్లకుక్క వచ్చుంటుంది. సోమలతకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, పెద్ద బరువు దింపినట్టు హాయి. పోయింది, తల్లీ. ఇక వెళ్ళిపోయింది...

గ్లాసు ఎత్తిన చప్పుడు. తాగి, మళ్ళీ పీట మీద పెట్టిన చప్పుడు.

కుక్క గ్లాసెత్తి తాగదు.

చూడకూడదని తెలిసీ చూసింది. మెట్టు మీద ఒక తెల్లాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన గడ్డం, వీపున సంచీ. చేతివేళ్ళతో ఆకు నాకినంత శుభ్రంగా తుడుచుకుంటున్నాడు.

"బోర్డు లేకపోయినా కనిపెట్టాను," అన్నాడు ఇంగ్లీషులో, నవ్వుతూ. "ఇంటి వెనక దీపం, ఒక్కరికే బల్ల... ఊళ్ళో ఇంత బాగున్న చోటు ఇంకెక్కడా లేదు."

పాపం, అతని తప్పేముంది? ప్రతి గుమ్మమూ హోటలైన ఊళ్ళో చచ్చినవాళ్ళ పీటేదో, బతికినవాళ్ళ బల్లేదో ఎవరికి తెలుస్తుంది? సోమలత కేక పెట్టాల్సింది. పక్కింటివాళ్ళని పిలవాల్సింది. ఓపిక లేక, ఎవరో ఒకరు తిన్నారుగా, పోనీలే అనుకుంది.

"ఇంకొంచెం ఉందా?" అన్నాడతను.

ముందు గదిలో కూర్చోబెట్టి వడ్డించింది. తిన్నాడు. మళ్ళీ వడ్డించింది. తిన్నాడు. గిన్నె తెచ్చి బోర్లించింది. అదీ తిన్నాడు. అతని నుదుట చెమట ధారలు కడుతోంది. కళ్ళు మాత్రం సోమలతని బతిమాలుతున్నాయి.

"నాకు ఆకలిగా లేదమ్మా..." అన్నాడు గుసగుసగా. "ఆపలేకపోతున్నాను."

చెయ్యి మళ్ళీ కంచంలోకి వెళ్ళింది.

సోమలత ఒక్కో అడుగే వెనక్కి వేసింది. అతను తలెత్తాడు. పెదవులు ఒక పక్కకి లాగాయి. సన్నటి, అరిగిపోయిన గొంతు. ఈసారి భాష ఇంగ్లీషు కాదు, సింహళం.

"ఏమ్మా మహారాణీ... సముద్రం పక్కనే కాపురం... ఉప్పుకి కరువొచ్చిందా?"

అతనే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. "ఏమన్నాను? నేనిప్పుడు ఏమన్నాను?" అన్నాడు.

సోమలత పారిపోలేదు. "చచ్చి కూడా సాధిస్తున్నావా అత్తమ్మా," అంది మెల్లగా. "నీ ఆకు ఎవరో తింటే నేనేం చెయ్యను? ఆయన ఎవరి బిడ్డో, వదిలిపెట్టు. నీకు వేరే వేస్తాను. తిని... వెళ్ళిపో. నీకు పుణ్యం ఉంటుంది."

పరుగున వంటింట్లోకొచ్చింది. కొట్టు కోసం పక్కన పెట్టిన అన్నం, ఎండుచేప తీసింది, కూర వేడి చేసింది. ఈసారి ఉప్పుకి వంక పెట్టకూడదు. ఇంకే వంకా పెట్టకూడదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. చాల్లేదు. చిటికెడు వేసి మళ్ళీ చూసింది. ఇప్పుడు సరిపోయింది. ముప్ఫయ్యేళ్ళుగా వండుతున్న చెయ్యి, ఏం చేసిందో ఆమెకి తట్టనే లేదు.

కొత్త ఆకు పీట మీద పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికొచ్చింది.

ముందు గదిలో కుర్చీ కింద పడింది. తెల్లాయన లేచి నిలబడి తన చేతులు తనే చూసుకుంటున్నాడు. ముఖంలోకి రక్తం వచ్చింది. సంచీ భుజానేసుకుని, తడబడుతూ వీధిలోకి వెళ్ళిపోయాడు.

వదిలింది. నిజంగానే వదిలింది.

సోమలత తలుపు గడియ వేసి వంటింట్లో కూలబడింది. పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు. అడుగంటిన అన్నం గీరి, మిగిలిన కూర కలుపుకుని తినసాగింది. దగ్గర్లోనే నమిలే చప్పుడు వినిపిస్తోంది. నెమ్మదిగా, తృప్తిగా. తినత్తా, తిను. ఇవాళ నేను పడుకుంటాను. పొద్దెక్కినా లేవను.

ఆటో ఆగింది. అరియపాల పెరటి దారిన వచ్చాడు.

"ఎవరూ దొరకలేదే. అమ్మ ఆకు ముట్టిందా?"

"ముట్టిందయ్యా. అంతా తినేసింది. వెళ్ళిపోయింది."

అరియపాల గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతని చేతుల్లో ఆకు ఉంది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎండుచేప ఒక్కటీ కదల్లేదు.

"ఎవరే తినేసింది?" అన్నాడు. "నల్లకుక్క గోడవతలే నిలబడి మన ఇంటికేసి చూస్తోంది. పిలిస్తే కాళ్ళమధ్య తోక పెట్టుకుని పోయింది."

నమిలే చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. సోమలత బయటికి చెవి పెట్టింది. బయట అలలు తప్ప ఏమీ లేవు. అరియపాల పెదవులు బిగించుకుని ఆమెనే చూస్తున్నాడు.

ఆమె చెయ్యెత్తి తన దవడ మీద పెట్టుకుంది. దవడ కదులుతోంది. కంచం ఎప్పుడో ఖాళీ అయింది. నోట్లో మెతుకు లేదు.

"సోమా, ఏం తింటున్నావ్?" అన్నాడు అరియపాల.

ఆమె చెబుదామనుకుంది. చెప్పాలంటే నమలడం ఆపాలి.