పై వాటా గడియ

కాశీబుగ్గలో జీడి బట్టీల వెనక ఒక సందు ఉంది. పొద్దుగుంకాక ఆ సందులో నడిచేవాళ్ళు నీలవేణమ్మ మేడ దగ్గరికి వచ్చేసరికి తల దించుకుంటారు. పైకి చూడరు. చూస్తే ఏమవుతుందని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. "ఆ పై వాటా మంచిది కాదులే" అంటారు... అంతే.

దానికి మొదలు ఒక చావు.

నీలవేణి తమ్ముడు కామేశ్ ఆ పై వాటాలోనే ఉండేవాడు. వాళ్ళది ఉద్దానం. అక్కడ చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే అతనికీ వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. అక్కా చేసుకోలేదు. కింద ఆవిడ, పైన అతను. బట్టీల్లో జీడి వేగుతున్న వాసన వస్తుంటే, ఒకరి రేడియో ఇంకొకరు వింటూ ఏళ్ళు గడిపేశారు.

ఒక మాఘమాసంలో కామేశ్ పోయాడు. ఘడియలు చూసిన పంతులుగారు పెదవి విరిచారు.

"ధనిష్ఠా పంచకం తల్లీ. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి."

పాడుపెట్టడమంటే తాళం వేసి, మనిషి మసలకుండా వదిలేయడం. కింద వాటాకి గుమ్మం వేరు, పొయ్యి వేరు కాబట్టి పైది మూస్తే చాలన్నారు. నీలవేణి మూసేసింది. ఆ ఆరు నెలలూ నెత్తిమీద చప్పుడు లేని గదిని పెట్టుకుని, కింద ఒక్కతే ఉంది. ఎవరైనా పలకరిస్తే "బాగానే ఉన్నాను" అనేది.

గడువు తీరింది. శాంతి చేయించింది. సున్నం కొట్టించింది. పై వాటా అద్దెకిచ్చింది.

మొదట వచ్చినవాళ్ళు ఉండలేదు. ఆ తరవాత వచ్చినవాళ్ళూ ఉండలేదు. వెళ్ళేటప్పుడు కారణం అడిగితే గుమ్మం అనేవారు, గడియ అనేవారు, ఇంకేదో అనబోయి మింగేసేవారు. సందులో ఆ మాట పాకింది. నక్షత్రం ఊరికే పోతుందా అన్నారు. ఆరు నెలలు చాల్లేదేమో అన్నారు.

ఇచ్ఛాపురంలో నీలవేణి పెదనాన్న కొడుకు జగదీశ్వరరావు ఉన్నాడు. అతని చెవిన కూడా పడింది.

"ఈసారి కూడా ఖాళీ సేసారంటే నేనూరుకోను సెల్లీ. మేడంతా జీడిబస్తాల గోడౌనుకి ఇచ్చేసి, నిన్ను మా ఇంటికి తీసుకుపోతాను. దెయ్యాల కొంపలో ఒక్కదానివీ ఏటి నీకు?"

"దెయ్యాలూ లేవు, ఏటీ లేదు" అంది నీలవేణి. "అద్దెకున్నోళ్ళకి పని లేక."

ముప్ఫై ఏళ్ళు మండలాఫీసులో అర్జీలు తీసుకున్న మనిషి. నిజంగా బాధ ఉన్నవాడు నాలుగు ముక్కల్లో చెబుతాడని, లేనివాడు నాలుగు పేజీలు రాస్తాడని ఆవిడ లెక్క. గుమ్మాలూ గడియలూ ఆవిడకి నాలుగు పేజీల అర్జీల్లాగే కనబడ్డాయి.

కానీ ఇచ్ఛాపురం మాట గుండెలో దిగబడిపోయింది. ఆ మేడ దాటి బతకడం ఆవిడకి తెలీదు. ఇంకోటి కూడా ఉంది... అది ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య చిన్న చిన్నవి జారిపోతున్నాయి. పాలు పొయ్యి మీద పెట్టి పూలు కోసుకోవడానికి వెళ్ళిపోతోంది. మందు వేసుకున్నానా లేదా అని మాత్రల అట్టని వెలుతురుకి పెట్టి చూసుకుంటోంది. రాత్రి పడుకునే ముందు, తను పనిచేసిన తాసిల్దార్ల పేర్లు వరసగా తలుచుకునేది. ఒక్క పేరు తప్పినా ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు.

ఇది తెలిసిందా... ఇచ్ఛాపురమే.

అందుకే మహీధర్, శ్రీవిద్య ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు నీలవేణి ముందే చెప్పింది.

"పుకార్లు వింటారు. వినండి. ఖాళీ మాత్రం సెయ్యకండి."

మహీధర్‌కి పూండి స్టేషన్లో ఉద్యోగం. సందె దాటి, బాగా చీకటి పడ్డాకగానీ ఇల్లు చేరడు. శ్రీవిద్యది టెక్కలి. కొత్తగా పెళ్ళయింది. సాయంత్రాలు పైన ఆ పిల్ల ఒక్కతే. శ్రీవిద్య ఆవిణ్ణి పిన్నీ అని పిలిచింది కాబట్టి, మహీధర్‌కి ఆవిడ అత్తయింది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది.

ఒకరోజు పొద్దున్నే మహీధర్ కిందికి దిగాడు.

"అత్తా, మా గుమ్మం కాడ రోజూ తడి ఉంటంది."

"వాన పడిందేటి?"

"పళ్ళేదు."

"మరి తడెక్కడిది నాయనా?"

"అది అడుగుదామనే వచ్చాను. తుప్పు నీళ్ళలాగ మరకలు కూడా పడతన్నాయి."

తాపీ మేస్త్రి వచ్చాడు. పైకెక్కి, కొట్టి, గీకి చూసి దిగాడు.

"ట్యాంకు ప్లాస్టిక్‌ది. పైపు ప్లాస్టిక్‌ది. తుప్పెక్కడినుంచొత్తదమ్మా? కూర ఒలకబోసుకుని మీమీదకి తోసుంటారు."

తరవాత గడియ.

"సాయంత్రం పూట బయట గడియ దానంతటదే పడిపోతంది పిన్నీ" అంది శ్రీవిద్య. గొంతు బాగా తగ్గించి చెప్పింది. "నేను లోపల ఉండిపోతన్నాను. కాసేపయ్యాక... మళ్ళీ దానంతటదే తెరుసుకుంటంది."

వడ్రంగి తలుపు ఊపాడు, దబదబా వేశాడు, తీశాడు. గడియ కదల్లేదు. చేత్తో లాగితేనే కిర్రుమంటూ వచ్చింది.

"ఇంత బిగువు గడియ. దానంతటది పడాలంటే దెయ్యమే రావాలి" అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ ఆపేశాడు.

నీలవేణికి విసుగొచ్చింది. మేస్త్రికి చెడిన పైపు దొరకదు. వడ్రంగికి చెడిన గడియ దొరకదు. ఫిర్యాదు మాత్రం దొరుకుతోంది, వారానికొకటి. అయినా విసుగు పైకి చూపించలేదు. వీళ్ళు కూడా పోతే...

"ఈవేళ సాయంత్రం నేనే వచ్చి మీ ఇంట్లో కూర్చుంటాను. ఆ గడియ ఎలా పడతాదో సూద్దాం" అంది.

మహీధర్ సెలవు పెట్టాడు. ముగ్గురూ దీపం ఆర్పేసి ముందు గదిలో కూర్చున్నారు. సందులో వెలుగు పోయింది. బట్టీల దగ్గర సద్దు తగ్గింది. గోడ మీద బల్లి కూడా పలకలేదు. శ్రీవిద్య చెయ్యి నీలవేణి చేతిలో ఉంది... చల్లగా.

గడియ పడలేదు. గుమ్మం తడవలేదు.

"సూసారా?" అంది నీలవేణి లేస్తూ. "ఏటీ లేదు. మనసులో ఉంటే మేడ మీద ఉంటంది."

ఆ మర్నాడు మహీధర్ మళ్ళీ సెలవు పెట్టాడని, సందె వేళ ట్యాంకు పక్కన నక్కి కూర్చున్నాడని ఆవిడకి తెలీదు.

ఆ రోజు నుంచి ఫిర్యాదులు ఆగిపోయాయి.

తడి మాట లేదు. గడియ మాట లేదు. పైగా శ్రీవిద్య పనసపొట్టు కూర చేస్తే గిన్నెతో పంపేది. "మెట్లెక్కకండి పిన్నీ, నేనే దిగుతాను" అనేది. మహీధర్ పాత బల్బు తీసేసి మెట్ల దగ్గర పెద్దది పెట్టాడు, అడక్కుండానే.

ఎదురింటి నూకమ్మ అరుగు మీద కూర్చుని జీడిగింజలు ఒలుస్తోంది. నీలవేణి వెళ్ళి పక్కన కూర్చుంది.

"మావాళ్ళు దారికొచ్చారు నూకమ్మా. నెల దాటింది, ఒక్క మాట లేదు."

"తిట్టీసినావేటి?"

"తిట్టలేదు. పట్టించుకోడం మానేశాను. పని లేని ఫిర్యాదుకి అదే మందు."

నూకమ్మ ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. ఏదో అనబోయింది. తరవాత ఒళ్ళో పొట్టు దులుపుకుని, "అవునులే" అంది.

ఇచ్ఛాపురానికి ఫోన్ చేసి నీలవేణి ధీమాగా చెప్పింది. ఈ వాటాకి పట్టిన పీడ వదిలిందని, వీళ్ళు ఉంటారని. ఆ రాత్రి తాసిల్దార్ల పేర్లలో ఒక్కటి కూడా తప్పలేదు.

ఆ తరవాత ఒక సాయంత్రం...

కరెంటు పోయింది. ఆకాశం మబ్బు. నీలవేణి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. అంతవరకు గుర్తుంది. దీపం వెలిగించి, అగ్గిపుల్ల ఆర్పి...

గూడ్సు బండి కూత పెట్టింది. అలవాటైన కూతే. కానీ ఆవేళ మరీ దగ్గరగా, మరీ గట్టిగా. ఒళ్ళు జల్లుమంది.

చూసుకుంటే వంటింట్లో లేదు.

చీకటి. ముఖానికి గాలి కొడుతోంది. కాళ్ళకి చెప్పుల్లేవు. పాదాల కింద తడి.

ఆవిడ పై వాటా గుమ్మం ముందు నిలబడి ఉంది.

ఇక్కడికెలా వచ్చింది? ఎవరు తెచ్చారు? సందులో వాళ్ళు అనేదంతా నిజమే అనిపించింది. ఏదో ఉంది... అది తనని మెట్లెక్కించింది. వెనక్కి తిరుగుదామంటే మెడ కదల్లేదు.

కుడి చేతిలో ఏదో బిగుసుకుని ఉంది. ఇనుము. చల్లగా.

గడియ.

ఎడమ చేతిలో చెంబు. ముంజేతి దాకా కారిన నీళ్ళు. ఆ నీళ్ళ వాసన తెలిసింది... పసుపు.

తలుపు వెనకనుంచి, చాలా మెల్లగా, ఒక ఆడగొంతు.

"అయిందా పిన్నీ? జాగ్రత్తగా దిగండి. పై మెట్టు జారతంది."

నీలవేణి గడియని ఇంకా వదల్లేదు.

"శ్రీవిద్యా... ఈ గడియ ఎవరు పెట్టారే?"

అవతల గాజుల చప్పుడైంది. ఆ పిల్ల తలుపుకి దగ్గరగా వచ్చినట్టుంది.

"పిన్నీ... ఇప్పుడు మీకు తెలుస్తందా?"

"ఏటి తెలియాల?"

"రోజూ మీరే పిన్నీ."

చెంబు చేతిలోంచి జారింది. మెట్ల మీద దొర్లి, దొర్లి, కింద ఎక్కడో ఆగింది.

"నూకమ్మత్త చెప్పింది మాకు. మీ తమ్ముడుగారు పోయాక, పాడుపెట్టిన ఆరు నెలలూ మీరిలాగే చేసారంట. సందె దీపం పెట్టి, పసుపు నీళ్ళు గుమ్మం మీద చల్లి, గడియ బిగించి, వెనక్కి చూడకుండా దిగిపోయేవారంట. పోయినోళ్ళు మళ్ళీ రాకుండా ఎవరో పెద్దాళ్ళు అలా చెయ్యమన్నారంట కదా."

అవును. చెయ్యమన్నారు. చేసింది. కానీ అది ఎప్పుడో అయిపోయింది కదా...

"మరి నువ్వు లోపలుండిపోతావు కదమ్మా. సెప్పలేదేటి నాకు?"

"మా ఆయనే వద్దన్నారు. అత్తని కదపకు, ఇచ్ఛాపురంలో తెలిస్తే తీసుకుపోతారు, ఇక మనం ఫిర్యాదులు చెయ్యొద్దు అన్నారు. అయినా కాసేపే పిన్నీ. మళ్ళీ మీరే వచ్చి తీస్తారు."

"నేనా?"

"ఊఁ. తీసి గుమ్మంలో నిలబడతారు. 'కామేశూ, అన్నం తిన్నావేట్రా' అని అడుగుతారు."

నీలవేణి తలుపుకి నుదురు ఆనించింది. చెక్క ఇంకా పగటి వేడితో ఉంది.

"అడిగితే... మహీధర్ సెప్తాడా, తిన్నానని?"

"ఆయన అప్పటికి పూండి నుంచి రారు."

"మరి నువ్వు?"

"నేనేటీ అనను పిన్నీ. నాకు భయం."

"మరెవరంటారే?"

లోపల గొంతు ఇంకా తగ్గిపోయింది.

"నాకేటీ వినపడదు. మీరు మాత్రం... విన్నట్టే తలూపుతారు. నవ్వుతారు కూడా. 'సరే, పడుకో' అని దిగిపోతారు."

గాలి ఆగింది. సందులో ఎవరో నడిచి వెళ్తున్నారు. మేడ దగ్గరికి రాగానే ఆ అడుగులు వేగంగా పడ్డాయి.

నీలవేణి గడియ లాగింది. కిర్రుమంది. తలుపు తెరుచుకుంది.

కొవ్వొత్తి పట్టుకుని శ్రీవిద్య పక్కకి తప్పుకుంది. వెనక గది. మంచం కామేశ్‌ది కాదు, పరుపు కామేశ్‌ది కాదు. గోడకి ఆ పిల్లల పెళ్ళి ఫొటో. వాడు రేడియో పెట్టుకునే గూట్లో పౌడరు డబ్బాలున్నాయి.

నీలవేణి గుమ్మంలో నిలబడింది. అన్నీ తెలుసు ఇప్పుడు. తనెవరో తెలుసు. ఏ ఊరో తెలుసు. తమ్ముడు లేడని తెలుసు.

తెలిసే అడిగింది.

"కామేశూ... అన్నం తిన్నావేట్రా?"

కొవ్వొత్తి నిటారుగా వెలుగుతోంది. శ్రీవిద్య తల వంచుకుంది.

ఆవిడ చెవి రిక్కించింది. ఒక్క సద్దు రాలేదు. ఇంకోసారి అడిగింది, ఇంకా మెల్లగా, దగ్గరవాళ్ళని అడిగినట్టు. గది ఊరుకుంది.

"లోపలికి రండి పిన్నీ. అన్నం తిందురు" అంది శ్రీవిద్య.

"నువ్వు తినమ్మా. ఆ తలుపు దగ్గరగా వేసీ."

"మరి మీరు?"

"కాసేపిక్కడే ఉంటాను."

తలుపు దగ్గరగా పడింది. నీలవేణి తడి గుమ్మానికి పక్కన, చీకట్లో, గోడకి జారబడి కూర్చుంది. వాడు పలికింది నిజమో కాదో తెలీదు. కానీ రోజూ విన్నదట. నవ్విందట.

ఇన్నాళ్ళూ మతిమరుపు ఎక్కడ వస్తుందోనని వణికిన మనిషి, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ ఉండిపోయింది.