పైడి కోసిన నీడ

కుందవరం రాజ్యానికి వింత ఆపద వచ్చిపడింది. పదేళ్ల రాకుమారుడు జయకేతుడు ఆడుకుంటూ నల్లమద్ది అడవి అంచుదాకా వెళ్లి, నీడ లేకుండా తిరిగివచ్చాడు. ఆనాటి నుంచి అతడి గొంతు సన్నగిల్లింది, ఒళ్లు చల్లబడసాగింది. ఇది ఛాయాముఖుడనే రాక్షసుడి పనేననీ, నెల తిరిగేలోగా నీడ రాకపోతే బాలుడు దక్కడనీ రాజవైద్యుడు తేల్చాడు. కత్తులు దూసి వెళ్లిన భటులు తమ నీడలు కూడా పోగొట్టుకుని వచ్చారు.

కోట ఉన్న ఊళ్లోనే విస్తళ్లు కుట్టే గౌరమ్మకు పైడి అనే కూతురుంది. చిన్నప్పుడు వీధిబడిలో తోటిపిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే, పైడి మోదుగాకును తుమ్మముల్లుతో కోసి లేడి బొమ్మ చేసేది. ఎండకు అడ్డంపెడితే గోడమీద లేడి గెంతేది. ఒకనాడు నరహరి పంతులు బెత్తంతో వచ్చి, గోడవంక చూస్తూ అలాగే నిలబడిపోయారు. "చెవి కాస్త పొట్టిదయిందే, పైడీ," అన్నారంతే. బడి వదిలి ఎనిమిదేళ్లయినా, ఆ ఎక్కాల పాట ఎక్కడ వినబడినా పైడి నడక ఆగిపోయేది.

నీడలంటే అంత మోజున్న ఆ రాక్షసుడు తన ఆటనూ చూస్తాడేమో అనిపించింది పైడికి. తల్లిని ఎలాగో ఒప్పించి, మోదుగాకులు మూటగట్టుకుని బయలుదేరింది.

అడవిలో ఒక పెద్దపులి దారికడ్డంగా పడుకుని ఉంది. దానికీ నీడ లేదు. లేచే సత్తువ కూడా లేని ఆ పులి, రాక్షసుడి గుహకు దారి చెప్పి, గుహ ముందున్న తెల్లరాతి మీద మాత్రం కాలు పెట్టవద్దని హెచ్చరించింది. అక్కడ అడుగుపెట్టిన వాళ్ల నీడ రాతికి అతుక్కుపోతుందట.

పైడి గుహ దాకా వెళ్లి, రాతికి ఇవతలే కూర్చుని, ఎండలో ఆకుబొమ్మలు ఆడించసాగింది. తెల్లరాతి మీద లేళ్లు పరుగెత్తాయి. ఛాయాముఖుడు గుహలోంచి వచ్చి చాలాసేపు చూశాడు.

"మా అమ్మను చేయగలవా?" అని అడిగాడు చివరికి. "ముఖం మరిచిపోయాను. చేస్తే నీడలన్నీ వదిలేస్తాను. చేయలేకపోతే నీ నీడ నాది."

"ఆమె గురించి ఏం గుర్తుందో చెప్పు," అంది పైడి.

నీళ్లు మోసి మోసి ఒక భుజం వంగిపోయిందని చెప్పాడు. మొదటి ఆకు చిరిగింది. కొప్పు ఎప్పుడూ జారేదన్నాడు. రెండో ఆకులో కొప్పు కుదిరింది గానీ, చూసి తల అడ్డంగా ఊపాడు. ఆమె కొడుకును ఎలా పిలిచేదని పైడి అడిగింది. గడ్డం పైకెత్తి, కొండకు వినబడేలా పిలిచేదన్నాడు. పైడి మూడో ఆకు తీసి, ఆ గడ్డం దగ్గర ముల్లును మెల్లగా తిప్పింది.

రాతిమీద ఒక స్త్రీ కొడుకును పిలుస్తూ నిలబడింది. రాక్షసుడు చిన్నపిల్లాడిలా ఏడ్చి, గుహ తలుపు తీశాడు. నీడలన్నీ తమ తమ దారులు పట్టాయి.

పైడి ఊరు చేరేసరికి రాకుమారుడు కోట ముంగిట పరుగులు పెడుతున్నాడు. రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆకులు వాడిపోతున్నాయనీ, పదికాలాలు నిలిచే మేకతోళ్లు ఇప్పించమనీ అడిగింది. మరుసటి ఏడు మద్దెల వాయించే ఓబన్నను పెళ్లాడింది. ఇద్దరూ రంగులద్దిన తోలుబొమ్మలను బండికెత్తుకుని ఊరూరా తిరిగారు. వాళ్ల బండి వస్తోందంటే పొలాల్లో పనివాళ్లు నాగళ్లు విప్పేసి వచ్చేవారు. అలా వాళ్లు నిండు నూరేళ్లూ సుఖంగా బతికారు.